పునర్వసులో కోత, మఖలో చీల్చడం, చిత్తలో నాటు: పెరట్లో మన గడ్డి దుబ్బుల లెక్క

వరి నాటే ఇంట్లో పుట్టినవాళ్ళకి పిలక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మడిలో రెండు మూడు మొక్కలు ఊడిస్తే నెల తిరిగేసరికి మొదలు పక్కనుంచి కొత్త కాడలు, అంటే పిలకలు, లేచి దుబ్బు కడుతుంది. వట్టివేరు, దర్భ, రెల్లు, అంజన్ గడ్డి, కొండవాలుల బోద అన్నీ వరి చుట్టాలే, పెరిగే తీరూ అదే. కాకపోతే వరి ఒక్క కారుతో పోతుంది, ఇవి ఏళ్ళ తరబడి ఉంటాయి. పెరటి అందం కోసం గడ్డి దుబ్బులు పెంచాలనే సరదా ఈ మధ్య పెరిగింది, మంచిదే. తీరా మొదటి వేసవి దాటేసరికి నాటినవాటిలో చాలా భాగం ఎండిపోతుంటాయి. ఎరువు చాల్లేదనో, మట్టి మంచిది కాదనో అనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు జరిగింది నెల దగ్గరే.

తోటపని పుస్తకాలూ వీడియోలూ తొలకరికి విడదీసి నాటమంటాయి. నైరుతి వానలు గట్టిగా పడే చోట అది సరైన మాటే. నెల్లూరు జిల్లాలో మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ప్రకాశంలో రెండు రుతుపవనాల వాటా ఇంచుమించు సమానం. జూన్‌లో కావలి, ఒంగోలు వైపు ఎండ రోహిణి కార్తెకి పెద్దగా తీసిపోదు, దానికి తోడు పడమటి గాలి. వేళ్ళు తెగిన పిలకని ఆ గాలిలో నాటితే రోజుకి రెండుసార్లు నీళ్ళు పోసినా ఆకు వడిలిపోతుంది. వేరు పీల్చే నీటి కంటే ఆకు వదిలేదే ఎక్కువవుతుంది మరి.

అలాగని అక్టోబరు వానల్లో చీల్చి నేరుగా నేలలో పెడదామంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. మన గడ్డి జాతుల్లో చాలావాటికి పగటి వేళ తగ్గుతుంటేనే పూత వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెన్నా ఇసుక తిన్నెల మీద రెల్లు తెల్లగా విరబూసేది అందుకే. కంకి వేసిన పిలకకి అక్కడితో ఆయుష్షు తీరినట్టే. దాని పెరిగే మొగ్గ కంకిగా మారిపోయింది కాబట్టి ఆ కాడ ఇక కొత్త ఆకు వెయ్యదు, గింజ రాలాక ఎండిపోతుంది. దుబ్బు బతికేది పక్కన మొలిచే కొత్త పిలకలతోనే. అక్టోబరులో తీసిన ముక్కలో నాలుగు కాడలుంటే మూడు కంకి కాడలే కావచ్చు. పైగా అప్పుడే తెగిన గాట్లు, మీద రెండు మూడు రోజుల ముసురు. ముక్క వేరు పట్టేలోపే కుళ్ళుతుంది.

అందుకని ఈ రెండు జిల్లాలకి కుదిరే లెక్క మూడు మెట్లది. పునర్వసు కార్తెలో, అంటే జూలై రెండో వారంలో, తల్లి దుబ్బుని కోసెయ్యాలి. మఖ, పుబ్బ కార్తెల్లో, ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 12 లోపు, చీల్చి కవర్లలో పెట్టాలి. చిత్త కార్తె వచ్చాక, అక్టోబరు 10 తర్వాత, నేలలోకి మార్చాలి. జనవరిలో కూడా ఇక్కడ గడ్డి నిద్రపోయేంత చలి ఉండదు కాబట్టి, నాటిన దుబ్బుకి ఎండలు ముదిరేలోపు వేరు దింపుకోడానికి నాలుగైదు నెలల వ్యవధి దొరుకుతుంది. బోరు నీళ్ళకి కొదవ లేనివాళ్ళు ఫిబ్రవరిలో కూడా చీల్చుకోవచ్చు, కానీ ఆ మొక్కల్ని మొదటి వేసవంతా కనిపెట్టుకుని ఉండాలి.

తల్లి దుబ్బు

రెండు మూడేళ్ళ వయసున్న దుబ్బు పిలకలకి మేలు. అయిదారేళ్ళు దాటిన దుబ్బుని పైనుంచి చూస్తే మధ్యలో గంపలా బోలు పడి ఉంటుంది. ఆ మధ్య భాగం చచ్చిపోయిన మొదళ్ళే, ప్రాణమంతా అంచు వలయంలో ఉంటుంది. ముసలి దుబ్బునైనా వాడుకోవచ్చు, నడిమి భాగం పారేసి అంచువే తీసుకోవాలి.

జూలై కోతలో నేలకి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు మోడు వదలాలి. పచ్చిక కోసినట్టు నేలమట్టంగా కోస్తే దుబ్బు బలహీనపడుతుంది. ఈ గడ్డి జాతులు తిరిగి చిగురించడానికి దాచుకునే సత్తువ ఎక్కువ భాగం కాడ మొదట్లోనే, అడుగు జానెడులో ఉంటుంది. అది పోతే వేళ్ళెన్ని ఉన్నా చిగురు నీరసంగా వస్తుంది. కోశాక దుబ్బు చుట్టూ రెండు కిలోల చివికిన పశువుల ఎరువు వేసి, వారానికి రెండుసార్లు బకెట్టు నీళ్ళు పోస్తుంటే, ఆగస్టు మూడో వారానికి పెన్సిలు లావు లేత పిలకలు గుబురుగా లేస్తాయి. మనకి కావలసినవి ఆ పిలకలే.

దుబ్బు ఎక్కడినుంచి తేవాలనేది విడిగా ఆలోచించుకోవాల్సిన సంగతి. వెలిగొండ, నల్లమల రిజర్వు అడవుల్లోంచో, పెనుశిల నరసింహ అభయారణ్యంలోంచో మొక్క పెకలించడం నేరం, దానికి 1967 నాటి అటవీ చట్టమే ఉంది. సొంత పొలం గట్లు, తెలిసినవాళ్ళ బీళ్ళు, ఇళ్ళ స్థలాల కోసం చదును చెయ్యబోతున్న చోట్లు చాలు. ఒక్క దుబ్బు దొరికితే రెండేళ్ళలో వీధంతా పంచుకోవచ్చు.

చీల్చే పని

ముందు రోజు సాయంత్రం దుబ్బుని బాగా తడపాలి. మర్నాడు పొద్దున్నే, లేదా మబ్బు పట్టిన పూట, మొదలుకి జానెడు దూరంలో చుట్టూ గునపం దింపి, ఒక పక్కనుంచి మట్టిగడ్డతో సహా ఎత్తాలి. మట్టిని చేత్తో దులిపి ఊరుకుంటే చాలదు, తొట్టిలో ముంచి వేళ్ళు కనబడేదాకా కడగాలి. పొలం గట్టు నుంచి తెచ్చిన గడ్డతో పాటు తుంగ గడ్డలు వస్తాయి. నల్లగా, శనగ గింజంత ఉండే ఆ గడ్డ ఒక్కటి పెరట్లో పడితే పదేళ్ళు పీకుతూనే ఉండాలి. కడిగితే అవి విడిగా కనిపిస్తాయి, ఏరి ఎండలో పడేసి మాడ్చాలి.

కడిగిన దుబ్బుని రెండు చేతులతో పట్టుకుని తలుపు రెక్కలు తెరిచినట్టు విప్పితే, ఎక్కడ విడిపోవాలో అదే చూపిస్తుంది. అలా విడిపోని చోట రంపపు పళ్ళ కత్తి వాడాలి. కొడవలితో నరికితే మొదళ్ళు నలుగుతాయి, నలిగిన చోటే కుళ్ళు మొదలవుతుంది. ఒక్కో ముక్కలో మూడు నుంచి అయిదు పిలకలుండాలి, వట్టివేరుకైతే రెండు మూడు చాలు. ఒంటి పిలక బతకదని కాదు, బతికినా ఏడాది వెనకబడుతుంది.

ముక్క పనికొస్తుందో లేదో తేల్చేది మొగ్గ. పిలక అడుగున ఎండిన తొడుగుల్ని ఉల్లిపొర తీసినట్టు ఒక్కొక్కటే ఒలిస్తే, వేరూ కాడా కలిసే చోట తెల్లగానో, లేత గులాబీ రంగులోనో, బియ్యపు గింజంత మొగ్గ ఒకటి కాడకి అంటుకుని ఉంటుంది. గోటితో తాకితే గట్టిగా తగలాలి. అది గోధుమ రంగుకి తిరిగి మెత్తగా ఉంటే వేళ్ళెంత బాగున్నా ఆ పిలక దండగే. మధ్యలో గట్టి గొట్టంలా తగిలే కాడ ఉంటే అది కంకికి సిద్ధమైనది, దాన్నీ పక్కన పెట్టాలి.

వేళ్ళని నాలుగు వేళ్ళ పొడవుకీ ఆకుని జానెడుకీ కత్తిరించాలి. పొడవాటి వేళ్ళు అలాగే ఉంచితే కవర్లో మడత పడతాయి, మడత పడిన వేరు నిలవదు. కోసిన ముక్కల్ని తడి గోనె సంచిలో చుట్టి నీడన ఉంచి, ఆ రోజే కవర్లలో పెట్టెయ్యాలి.

ఆరు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు నర్సరీ కవరు సరిపోతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, చివికిన ఎరువు ఒక పాలు. రేగడి మట్టి మాత్రమే దొరికే ఒంగోలు వైపు మట్టీ ఇసుకా చెరి సగం చేసుకోవాలి, లేకపోతే కవరు కింద నీళ్ళు నిలుస్తాయి. పచ్చి పేడ వద్దు, అది మాగేటప్పుడు పుట్టే వేడికి వేరు మాడుతుంది. పిలక మొదలు మట్టి మట్టానికి సరిగ్గా ఉండాలి. ఒక అంగుళం లోతుకి దిగితే కుళ్ళు, అంగుళం పైకి తేలితే ఎండు. సగం నష్టాలు ఈ అంగుళం దగ్గరే జరుగుతాయి.

కవర్లని కొబ్బరాకు పందిరి కిందో, సగం నీడనిచ్చే నెట్ కిందో పెట్టి రోజుకొకసారి తడపాలి. బతికిన ముక్క వారంలోపే చెబుతుంది. అడ్డంగా కోసిన ఆకుల నడిమి నుంచి పచ్చని ముక్క ఒకటి గొట్టంలోంచి తోసినట్టు వేలెడు పైకి వస్తుంది. గడ్డికి పెరిగే మొగ్గ కొసన కాక అడుగున ఉండబట్టే ఇలా జరుగుతుంది. రెండు వారాలైనా కదలిక లేకపోతే మెల్లగా లాగి చూడాలి. సులువుగా ఊడి వచ్చి పుల్లని వాసన కొడితే నీళ్ళు ఎక్కువై కుళ్ళినట్టు. గట్టిగానే ఉండి గడ్డిపోచలా పాలిపోతే ఎండినట్టు. మొదటి రకం ఎక్కువగా కనిపిస్తే నీళ్ళు రెండు రోజులకొకసారికి తగ్గించాలి. మూడు వారాలు గడిచాక నీడ తీసేసి, పది రోజుల పాటు పొద్దుటెండకీ ఆ తర్వాత పూర్తి ఎండకీ అలవాటు చెయ్యాలి. నీడలోంచి నేరుగా నేలలోకి వెళ్ళిన మొక్కకి అక్టోబరు ఎండ కూడా ఎక్కువే.

నాటేటప్పుడు అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట చాలు. కిలో చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి మట్టిలో కలపాలి. కనిగిరి, పొదిలి ఎర్రచెలకల్లో వేపపిండి మానకూడదు, చెదలు ఎండిన తొడుగుల్ని పట్టుకుని మొదట్లోకి దిగుతాయి. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య దూరం అది పెరిగే ఎత్తులో సగం నుంచి ముప్పాతిక వరకు ఉంచితే ఒకదాన్నొకటి తొక్కుకోవు. నవంబరులో వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లోనే పెరడు చెరువవుతుంది. పల్లపు స్థలమైతే ముందే జానెడు ఎత్తు బోదె కట్టి దాని మీద నాటాలి. నీళ్ళు రెండు రోజులు నిలిచినా వట్టివేరూ రెల్లూ తట్టుకుంటాయి, అంజన్ గడ్డి తట్టుకోదు.

గింజతో వచ్చే చిక్కులు

కంకి నిండా కనిపించేది చాలావరకు తాలే. గుప్పెడు నూగు తెచ్చి అరచేతుల మధ్య నలిపితే లోపల గట్టి గింజ ఎన్నింటికి ఉందో తెలుస్తుంది, పదింటికి రెండు కూడా ఉండకపోవచ్చు. సాగులో ఉన్న వట్టివేరు రకాలకి మొలిచే గింజ దాదాపు పట్టదు, దానికి పిలకే దారి. ఇంకో సంగతి, కొత్త గింజ మొలవనని మొండికేస్తుంది. అంజన్ గడ్డి గింజని కోసిన వెంటనే చల్లితే చాలా తక్కువ మొలుస్తుంది, గుడ్డ సంచిలో ఆరునెలల నుంచి ఏడాది దాకా నిల్వ పెట్టాక చల్లితే బాగా మొలుస్తుంది. బజారులో పశుగ్రాసం గింజలుగా దొరికేది కొన్నప్పుడు ఏ ఏడాదిదో అడగడం అందుకే మంచిది. వంద గింజలు తడి గుడ్డలో చుట్టి రెండు వారాలు చూసి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాకే మడి చెయ్యాలి. సెంటీమీటరు కంటే లోతుగా వెయ్యకూడదు.

బీళ్ళలో నడిస్తే పంచెకీ చీర కుచ్చిళ్ళకీ గుచ్చుకునే సూది గింజల గడ్డి ఒకటుంది, ఊరికొక పేరు దానికి. వాన తడి తగిలితే ఆ గింజ తోక మెలి విప్పుకుంటుంది, ఎండితే మళ్ళీ మెలిపడుతుంది, అలా మరమేకులా తిరుగుతూ తనంతట తానే నేలలోకి దిగుతుంది. పండిన కంకుల తోకలన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని రాగి రంగు జడలా వేలాడతాయి, చూడముచ్చటే. కానీ అదే మర కుక్క చెవిలోకీ మేక చర్మంలోకీ కూడా దిగుతుంది. పెంపుడు జంతువులున్న ఇంట్లో దీన్ని పెట్టకపోవడమే నయం.

ఏ నేలకి ఏది

మొదటిసారి చేసేవాళ్ళు నిమ్మగడ్డి మీద చెయ్యి తిప్పుకోవాలి. ప్రతి వీధిలోనూ ఉంటుంది, పాడైనా బాధ లేదు. చెయ్యి కుదిరాక దాని చుట్టమైన బోద. కొండవాలుల్లో రాళ్ళ సందున పెరిగి ఒకప్పుడు కొట్టాల మీద కప్పుగా పడిన ఈ గడ్డి ఆకు నలిపితే వాసన వేస్తుంది. చలి నెలల్లో కాడలూ కంకులూ ఎర్రబారతాయి. ఎరువు ఎక్కువైతే పడిపోతుంది, కాబట్టి గుంటలో ఇసుకా గులకా కలపాలి.

వట్టివేరు ఏ నేలలోనైనా సర్దుకుంటుంది, ఉప్పు నీళ్ళని కూడా చాలావరకు ఓర్చుకుంటుంది. వరసగా కంచెలా కావాలంటే పిలకల మధ్య 15 సెంటీమీటర్లు, విడి దుబ్బుగా కావాలంటే రెండడుగులు. దాని వేరు అడ్డంగా పాకకుండా నిలువునా దిగుతుంది కనుక గోడ పక్కన పెట్టినా పునాదికి భయం లేదు. వేళ్ళ కోసం తవ్వుదామనుకునేవాళ్ళు ఏడాదిన్నర ఆగాలి. అందం కోసమైతే అసలు తవ్వొద్దు.

దర్భ దగ్గర పేరే పెద్ద చిక్కు. ఒక ఊళ్ళో దర్భ అనేది ఇంకో ఊళ్ళో దర్భ కాదు. గట్టి సన్నని ఆకు, చెయ్యి కోసే అంచు, నిటారుగా లేచే గోధుమ రంగు కంకి ఉంటే అది అసలు దర్భ, చవుడు నేలల్లోనూ బతుకుతుంది. ఆకు వెడల్పుగా ఉండి, మధ్య ఈనె తెల్లగా ఒక పక్కకి జరిగి, పత్తి ఒత్తిలాంటి మెత్తని తెల్ల కంకి వేసేది వేరే గడ్డి. పూజకి దాన్నీ వాడతారు గానీ పెరట్లో పెడితే సూది మొనల్లాంటి వేరుకాండాలతో పక్క మొక్కల గడ్డల్ని గుచ్చుకుంటూ పోతుంది. అసలు దర్భ కూడా పాకే రకమే. దీన్ని చీల్చే పని లేదు, రెండు మూడు కణుపులున్న జానెడు వేరుకాండం ముక్కని రెండంగుళాల లోతున అడ్డంగా పెడితే సరి. అయితే నేరుగా నేలలో కాక, మూడడుగుల లోతున్న సిమెంటు ఒరలో.

రెల్లుకి కూడా ఒర తప్పదు, అదీ పెద్దది. నేలలో వదిలితే రెండేళ్ళలో పెరడు దానిదవుతుంది. కణుపు మొగ్గలున్న కాడ ముక్కతోనూ రెల్లు మొలుస్తుంది, అచ్చం చెరకు గడలా. అలా మొలవడంలో వింతేమీ లేదు, రెల్లుకీ చెరకుకీ చుట్టరికం ఉంది. కోయంబత్తూరులో రెల్లునీ చెరకునీ కలిపి తీసిన కో 205 రకం 1918లో విడుదలైంది, ఇవాళ మనం పండించే చెరకు రకాల్లో రెల్లు రక్తం ఉంది. చిన్న పెరడున్నవాళ్ళు మాత్రం ఏటి ఒడ్డుకి వెళ్ళి చూసి రావడమే మేలు.

నర్సరీల్లో ఊదా రంగు కుచ్చులతో అమ్మే ఫౌంటెన్ గడ్డి ఆఫ్రికా నుంచి వచ్చినది, చాలా దేశాల్లో కలుపై కూర్చుంది. అలాంటి నక్కతోక కంకులే కావాలంటే మన బీళ్ళ అంజన్ గడ్డి ఉంది, మోకాలెత్తు, కంకి ఊదా రంగులో వచ్చి ఎండేకొద్దీ గడ్డి రంగుకి తిరుగుతుంది. ఎర్రచెలకల్లో, పశ్చిమ ప్రకాశం మెట్టల్లో దానికి సాటి లేదు. దీని గింజలు చాలావరకు తల్లి పోలికనే ఇస్తాయి, కాబట్టి మంచి రంగున్న దుబ్బు గింజ దాచుకోవడం దండగ కాదు.

మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం ఇసుక దిబ్బల మీద రావణాసురుడి మీసమని పిలిచే గడ్డి ఉంటుంది. ముళ్ళబంతిలాంటి కంకులు గాలికి దొర్లుకుంటూ పోతుంటాయి. దాన్ని ఇంటికి తేవాలని చాలామందికి అనిపిస్తుంది. ఆ గడ్డి పాకే తీగే దిబ్బని కట్టి ఉంచుతుంది, అది పీకితే ఇసుక ఊళ్ళోకి వస్తుంది. పైగా ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, ముళ్ళబంతి వచ్చేది ఆడదానికే. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఏది ఏదో చెప్పలేం. సముద్రపు గట్టు మీదే ఇల్లున్నవాళ్ళకి తప్ప దీనితో పని లేదు.

నీళ్ళ సంగతి కూడా ఉంది. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో కవర్ల మొక్కల ఆకు కొసలు మాడుతుంటాయి. నేలలో అయితే వాన కడిగేస్తుంది, కవర్లో ఉప్పు పేరుకుంటుంది. పది రోజులకొకసారి కవరు కింద నుంచి ధారగా కారేదాకా మంచి నీళ్ళు పోసి కడగాలి. ఫిల్టరు మిషను వదిలే వృథా నీటిని పొదుపని వీటికి పొయ్యకూడదు, బోరు నీటిలో ఉన్న ఉప్పంతా అందులో చిక్కబడి ఉంటుంది.

గడ్డి పెంచితే పాములొస్తాయని పెద్దవాళ్ళనే మాటని కొట్టిపారెయ్యలేం. కొయ్యని దుబ్బు కింద ఎలుక చేరుతుంది, ఎలుక కోసం పాము వస్తుంది. ఫిబ్రవరిలో కంకులు రాలాక ఎండిన ఆకుల్ని చేతికి గోనె చుట్టుకుని దువ్వినట్టు లాగేసి, మొదలు నేల దాకా కనబడేలా ఉంచితే ఎలుకకి చోటుండదు. గుమ్మానికీ నడిచే దారికీ కనీసం నాలుగడుగుల దూరంలో నాటాలి. అలా లాగిన ఎండు గడ్డి కొబ్బరి, మామిడి పాదుల్లో వేసవి కప్పుగా పనికొస్తుంది, గింజలున్న కంకులు మాత్రం అందులో కలవనివ్వకూడదు.